పంతులు లేని పెండ్లి

మా ఇంట్లో ఆదివారం పొద్దున ఎవరూ మాట్లాడేవారు కాదు. పోట్లాడుకుని కాదు, అదే మా ప్రార్థన. కామారెడ్డిలో రైలు స్టేషనుకు పోయే సందులో మాదొక పెంకుటిల్లు. ముందుగదిలో చాపలు పరిస్తే వచ్చినవాళ్ళు గోడలకు ఆనుకుని కూర్చునేవారు. పాట లేదు, గంట లేదు, పుస్తకం చదివి బోధించే మనిషి లేడు. ఎవరికైనా లోపలి నుంచి మాట తోసుకొస్తే లేచి నిలబడి, ఆ మాట చెప్పి కూర్చోవాలి. రాకపోతే నోరు మూసుకోవాలి.

నాకు లోపలి నుంచి ఎప్పుడూ మాటలే తోసుకొచ్చేవి. అవి దేవుడివి కావని బాపు తేల్చేశాడు. ఒకసారి లేచి నిలబడి, "పొయ్యి మీద పాలు పొంగుతున్నయి" అన్నాను. అమ్మ ఉరికింది. సభ అయిపోయాక బాపు నన్ను పక్కకు పిలిచి, "అది దేవుడు చెప్పిన మాట కాదు బిడ్డా" అన్నాడు. "మరి పాలు పోతే దేవుడు పోస్తడా?" అన్నాను. బాపుకు నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. మౌనమంటే నాకు చిన్నప్పటి నుంచీ ఒళ్ళుమంట. ఇప్పుడు ముసలిదాన్నయినా పెద్దగా మారలేదు.

ఇట్లా మౌనంగా ప్రార్థన చేసే క్రైస్తవులను క్వేకర్లంటారు. మేము క్వేకర్లం ఎట్లా అయ్యామంటే, అది బాపు చేసిన పని. బాపుది రాజంపేట, వ్యవసాయం చేసుకునే ఇల్లు. పడుచుతనంలో అన్నతో మాట పడక రైలెక్కి వెళ్ళిపోయి, నర్మద ఒడ్డున ఇంగ్లీషు క్వేకర్లు నడిపే ఒక ఆసుపత్రిలో కుదురుకున్నాడు. మొదట ఊడ్చే పని, ఆ తర్వాత కాంపౌండరు పని. వాళ్ళ ప్రార్థన సభలో డాక్టరూ ఊడ్చేవాడూ ఒకే చాప మీద కూర్చోవడం చూసి బాపు మనసు అక్కడే ఆగిపోయింది. తిరిగొచ్చేటప్పుడు మందులు కలపడం నేర్చుకుని వచ్చాడు, ఈ మౌనాన్ని కూడా వెంట తెచ్చాడు. మందుల కోసం ఊరంతా వచ్చింది. మౌనం కోసం పెద్దగా ఎవరూ రాలేదు. మా ఇంటివాళ్ళం, సదాశివనగర్ నుంచి బండి కట్టుకొచ్చే ఒక వడ్రంగి కుటుంబం, అంతే.

పిల్లలుగా మాకున్న పెద్ద బాధ పండుగలు లేకపోవడం. మా మతంలో అన్ని రోజులూ దేవుడివే కాబట్టి ఏ ఒక్క రోజూ ప్రత్యేకం కాదట. పక్కింటి పిల్లలకు బతుకమ్మ ఉంది, వెనక సందులో తురకల పిల్లలకు రంజాను ఉంది, మిషను బడి పిల్లలకు క్రిస్మసు ఉంది. మాకు ఆదివారం పొద్దున ఉంది. మా చుట్టం ఒకాయన బాపు ముఖం మీదే, "మతం మారితే మారినవు గని, గిట్ల పండుగల్లేని మతం ఏడ దొరికిందిరా నీకు?" అని అడిగాడు. ఆ మాట నాకు చాలా నచ్చింది.

బాపుకు ఇంకో పట్టుదల ఉండేది. ఆ రోజుల్లో దొర ఎదురుపడితే చెప్పులు చేతపట్టుకుని, "నీ బాంచెన్, కాల్మొక్త" అనాలి. బాపు అనేవాడు కాదు. దొరనూ అన్నా అనేవాడు, దొర ఇంటి పాలేరునూ అన్నా అనేవాడు. ఎవరి కాళ్ళూ మొక్కడు, ఎవరితోనూ మొక్కించుకోడు. అయినా బతికి బట్టకట్టాడంటే మందుల సంచీ చలవే. జ్వరం వచ్చిన రాత్రి దొరకు కూడా మర్యాదల కంటే చలిజ్వరపు మందు కొయినా ముఖ్యం.

బయట ఇంత సాగించుకున్నవాడికి ఇంట్లో మాత్రం సాగలేదు. మనుషులందరూ సమానమే కాబట్టి తనను పేరు పెట్టి పిలవమని అమ్మను అడిగేవాడు. "గా దేవునికి నా నోరే దొరికిందా?" అని అమ్మ చేటలో బియ్యం ఎగరేసేది. ఆమె బాపును "ఇగో" అనే పిలిచింది. బాపు "ఇగో"కే పలికాడు.

అవ్వ బాపును కన్న తల్లి. ఆమె మా మతంలో కలవలేదు, మమ్మల్ని వదిలీ పోలేదు. ఆదివారం పొద్దున ముందుగది గడప మీద కూర్చుని, బయటికి పొగ వదులుతూ చుట్ట కాల్చేది. చుట్ట సంగతి బాపు ఎత్తితే, "నేను లోపల లేను, బయట లేను, నన్నేమనకు" అనేది. మా మౌనం మీద ఆమెకు జాలి. దేవుడికి ఇంత బెల్లమైనా పెట్టకుండా అందరూ కళ్ళు మూసుకుంటే ఆయన చిన్నబుచ్చుకోడా అని నా చెవిలో అనేది.

ఇక మా అక్కను చేసుకున్న బావ సంగతి. ఎల్లారెడ్డిలో బడిపంతులు, పిల్లలకు లెక్కలు చెప్పేవాడు. నాన్న లేడు, తల్లికి ఒక్కడే కొడుకు. ఒక వానాకాలం చలిజ్వరం ముదిరి ఒంటిమీద తెలివి లేకుండా ఉంటే, వాళ్ళమ్మ అతన్ని ఎడ్లబండిలో వేసుకుని లింగంపేట మీదుగా మా ఇంటికి తెచ్చింది. మా వసారాలోనే పడక వేశారు. బతకడని అందరం అనుకున్నాం, బాపు కూడా అనుకున్నాడని తర్వాత చెప్పాడు. వాళ్ళమ్మ అతని పాదాలు పట్టుకుని, రెప్ప వేస్తే కొడుకు పోతాడన్నట్టు కూర్చునేది. జావ కాచేది అక్క, తాగించేది అక్క.

జ్వరం దిగాక మొదటి ఆదివారం అతను వసారాలో గోడకు ఆనుకుని మా సభ వింటూ కూర్చున్నాడు. వినడానికేముంది అక్కడ! లేచిపోయే ఓపిక లేక కూర్చున్నాడు. ఓపిక వచ్చాక కూడా కూర్చున్నాడు. అక్కడినుంచి నెలకోసారి ఎల్లారెడ్డి నుంచి మా సభకు వచ్చేవాడు. దేవుడి కోసం వస్తున్నాడని బాపు మురిసిపోయేవాడు. మా అక్క కోసం కూడా వస్తున్నాడని గడప మీద కూర్చున్న అవ్వకు తెలుసు, నాకు తెలుసు.

రెండో ప్రపంచ యుద్ధం మొదలైన కొత్తలో పెండ్లి మాట ఖాయమైంది. బావ తల్లికీ అక్కంటే ప్రాణమే. చిక్కు వచ్చింది మా పెండ్లి పద్ధతితో.

మా పద్ధతిలో పెండ్లి చేసే పంతులు ఉండడు, పాస్టరూ ఉండడు. అందరూ మౌనంగా కూర్చుంటారు. ఆ మౌనంలోంచి పెండ్లికొడుకు లేచి, ఫలానా అమ్మాయిని నా జతగా ఒప్పుకుంటున్నానని పేరు పెట్టి చెప్పాలి. తర్వాత పెండ్లికూతురు లేచి, అతని పేరు పెట్టి అదే మాట చెప్పాలి. చివర కూర్చున్నవాళ్ళకు కూడా వినబడాలి. అంతే పెండ్లి.

మొగుడి పేరు పలికితే అతని ఆయుష్షు తరుగుతుందని మా దిక్కు ఆడవాళ్ళందరికీ ఉగ్గుపాలతో వచ్చిన భయం. గడప దగ్గర ఆడబిడ్డలు ఆపి పేరు చెప్పించే సరదా ఉంది, నిజమే. కానీ అక్కడ పెండ్లికూతురు ఆ పేరును పాటలో చుట్టి, నవ్వులో దాచి, సగం మింగి లోపలికి ఉరుకుతుంది. నిలబడి, తలెత్తి, అంతమంది మగవాళ్ళ ముందు పేరు పూర్తిగా పలికిన ఆడదాన్ని మేమెవరమూ చూడలేదు.

బావ తల్లి ఒకరోజు పనిగట్టుకుని కామారెడ్డి వచ్చి, అక్క చెయ్యి పట్టుకుంది. "బిడ్డా, నువ్వు నా ఇంటికి రా, నాకు సంబురమే. గని నా కొడుకు పేరు నోట తియ్యకు. చావు నోట్లకెల్లి గుంజుకొచ్చుకున్న వాన్ని. నీకు దండం పెడ్త" అని నిజంగానే దండం పెట్టింది. అక్క మాటిచ్చింది. ఇవ్వక ఏం చేస్తుంది? ఆ భయం అక్కకూ ఉంది. జావ తాగించేటప్పుడు అతని పెదవులు ఎట్లా ఆరిపోయి ఉండేవో ఆమెకు తెలుసు.

బాపు వినలేదు. కోపగించుకోలేదు, గట్టిగా అరవలేదు. అరిచినా బాగుండేది. "మన పెండ్లి చెయ్యనీకి పంతులున్నడా? ఎవలు లేరు. నీ మాటే పెండ్లి. నువ్వు చెప్పకపోతే పెండ్లి ఎవలు చేసినట్టు బిడ్డా?" అన్నాడు.

"'ఈయన' అంటది. అందరికీ సమజైతది గదా" అంది అమ్మ.

"దేవుని ముందట వేలు పెట్టి చూపిస్తదా? పేరున్న మనిషిని పేరు లేకుండ చేస్తదా?"

"చెప్పకపోయినా నాకు పర్వాలేదు" అని బావ కబురు పంపాడు. బాపు దానికీ ఒప్పుకోలేదు. పేర్ల వల్ల జ్వరాలు రావని, దోమల వల్ల వస్తాయని మూడుపూటలా చెప్పాడు. అక్క అన్నం ముద్ద పక్కన పెట్టి, "దోమలు నాకెర్క బాపు. గని నేను చెప్పినంక ఆయనకేమన్న అయితే, దోమ కుట్టిందని నా మనసుకు చెప్పుకోను వస్తదా?" అంది.

అందరికంటే గట్టిగా పోట్లాడింది అవ్వ. రోజూ పొద్దున లేవగానే కొడుకుతో మొదలుపెట్టేది. ఆడపిల్ల చేత మొగుని పేరు చెప్పించే దేవుడు దేవుడే కాదంది. రాజంపేటలో ఉన్న తన వాటా ఇంటికి వెళ్ళిపోతానని మూట కట్టింది. మూట నాలుగు రోజులు దర్వాజ దగ్గర ఉంది, అవ్వ మాత్రం పోలేదు. మొత్తానికి ఎవరి పట్టు వాళ్ళదే. అక్క బాపుతో మాత్రం చెబుతానని అనలేదు, చెప్పనని అనలేదు. బాపు, "ఆ గడియకు మాట దానంతట అదే వస్తది" అని ఊరుకున్నాడు. నాకు బాపు మీద చాలా కోపం వచ్చింది. రాకపోతే ఏం చేస్తావని అడిగాను. "పెండ్లి కాలేదని లేచి ఇంటికొస్తం" అన్నాడు. బాపు అన్నాడంటే చేస్తాడు.

పెండ్లి ఎల్లారెడ్డిలో, బావ ఇంటి పెద్ద వసారాలో. మేము రెండు బండ్లలో పోయాం. కోతలైపోయిన పొలాల మీద ఎండ మెత్తగా ఉంది. అమ్మ ఒడిలో పసుపుగుడ్డలో కట్టిన పుస్తె ఉంది. సభ అయిపోయాక కట్టుకోవచ్చని బాపు ఒప్పుకున్నాడు. పుస్తెను దేవుడు తప్పు పట్టడని ఆయన చెప్పాడు, అమ్మ పెట్టిన పోరు వల్ల దేవుడు ఆ మాట చెప్పి ఉంటాడు. రోజూ పోట్లాడే అవ్వ దారి పొడుగునా పోట్లాడలేదు, అదే నాకు వింతగా అనిపించింది.

వసారా నిండా జనం. ఇదేం పెండ్లో చూద్దామని ఊరువాళ్ళు వచ్చారు. బాజాలు లేవు, పందిరి లేదు. బాపు లేచి, ఇక్కడ ఏం జరుగుతుందో రెండు ముక్కల్లో చెప్పి కూర్చున్నాడు. మౌనం మొదలైంది. మొదట దగ్గులు, గుసగుసలు. తర్వాత అవి కూడా తగ్గిపోయాయి. దొడ్లో బర్రె నెమరు వేయడం వినిపించింది.

బావ లేచాడు. "దేవుని ముందట, మీ అందరి ముందట" అని మొదలుపెట్టి, అక్క పేరు చెప్పి, బతికినన్నాళ్ళు ప్రేమతో నమ్మకంతో ఉంటానన్నాడు. లెక్కల పంతులు గొంతు, వసారా చివరిదాకా పోయింది.

అక్క లేచింది. "దేవుని ముందట" అంది. "మీ అందరి ముందట" అంది. ఆగిపోయింది.

ఎదురుగా బావ తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అక్కనే చూస్తోంది. ఇంకో పక్క బాపు కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. అక్క పెదవులు కదులుతున్నాయి, శబ్దం లేదు. చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. ఎంతసేపు అట్లా నిలబడిందో చెప్పలేను. బాపు కళ్ళు తెరవలేదు. ఇప్పుడు లేచి, పెండ్లి కాలేదు పదండి అంటాడనుకున్నాను. ఆ క్షణంలో నాకు బాపూ వద్దు, బాపు దేవుడూ వద్దనిపించింది. ఊరివాళ్ళలో ఎవరో నవ్వు ఆపుకోవడానికి దగ్గారు.

ఆడవాళ్ళ వెనక వరసలోంచి అవ్వ లేచింది.

మా ముందుగదిలో ఇన్నేండ్లు గడప మీద కూర్చుందే కానీ సభలో అవ్వ ఎన్నడూ నోరు తెరవలేదు. పక్కదాని భుజం పట్టుకుని మెల్లగా నిలబడింది. చీర చెంగు సర్దుకుంది. నేను కోపంగా ఏదో అంటుందని భయపడ్డాను.

"నేను మా ఇంటాయన పేరు ఎన్నడు నోట తియ్యలే" అంది. "అయిన గా మనిషి మీసం నెరవకముందే పోయిండు. పేరుకు పానానికి ఏం సంబంధమో నాకెర్కలేదు. ఉన్నదేమో, లేదేమో. నువ్వు చెప్పు బిడ్డా. ఆయుష్షు తరిగేదుంటే నాది తరగనీ. గా పిలగానిది వద్దు. నాది తీస్కోమని దేవుని ముందట నేను ఒప్పుకుంటున్న."

చెప్పి, వచ్చినంత మెల్లగా కూర్చుంది.

అక్క తల వెనక్కి తిప్పి అవ్వను చూసింది. అవ్వ, కానీ అన్నట్టు గడ్డం ఎత్తింది. అక్క ఇటు తిరిగి బావ పేరు చెప్పింది. ఇంటిపేరుతో సహా, ఒక్క అక్షరం మింగకుండా చెప్పింది. తర్వాత మాటలన్నీ చెప్పింది కానీ నాకు వినబడలేదు, నేను వెక్కి వెక్కి ఏడుస్తున్నాను.

మా సభ ముగిసిందనడానికి పెద్దవాళ్ళిద్దరు చేతులు కలుపుకోవాలి. బాపు లేచి, మనుషుల మధ్యలోంచి దారి చేసుకుంటూ వెనక వరసకు పోయి, అవ్వ ముందు కూర్చుని చెయ్యి చాపాడు. చెయ్యి ఎందుకు చాపాడో అవ్వకు తెలియలేదు. ఏమైనా అడుగుతున్నాడేమోనని రొంటిన ఉన్న వక్కపలుకు తీసి అతని అరచేతిలో పెట్టింది. బాపు ఆ చేతిని వక్కతో సహా పట్టుకున్నాడు, చాలాసేపు వదలలేదు. బావ తల్లి వచ్చి అవ్వ కాళ్ళ మీద పడింది. మా సభల్లో కాళ్ళు మొక్కడం లేదు. బాపు కొంచెం పక్కకు జరిగి ఆమెకు చోటిచ్చాడు.

దేవుడు ఎవరి నోటి నుంచైనా మాట్లాడతాడని బాపు ఎప్పుడూ చెప్పేవాడు. మా ఇంట్లో ఆయన ఎక్కువగా బాపు నోటినే వాడుకునేవాడు కాబట్టి నేను ఆ మాటను పెద్దగా పట్టించుకోలేదు. ప్రతి మనిషిలోనూ ఉంటుందని బాపు చెప్పే లోపలి వెలుగు అనే మాటకు అర్థం ఏమిటని మనుమలు అడిగితే ఇప్పటికీ నాకు సరిగ్గా చెప్పరాదు. అవ్వ ఆ రోజు తన నమ్మకాన్ని వదులుకోలేదు, బాపు నమ్మకాన్ని తీసుకోనూ లేదు. రెండింటి మధ్య తన ప్రాణాన్ని పెట్టింది. నాకు తెలిసింది అంతే.

తిరుగు బండిలో అవ్వ చుట్ట ముట్టించి, నా వైపు చూసి, "నీ పెండ్లికి ఇంకెవల్నన్న చూస్కో. నా దగ్గర ఇంక మిగల్లే" అంది. అందరం నవ్వాం. బాపు కూడా నవ్వాడు.

మరుసటి వానాకాలం అవ్వ పోయింది. ముసలి ప్రాణం, రెండు రోజులు పడుకుంది, మూడో రోజు లేవలేదు. అక్క ఎల్లారెడ్డి నుంచి వచ్చి, "నేనే తిన్న అవ్వను" అని నేల మీద పడి ఏడ్చింది. కాదని మేమందరం చెప్పాం. బాపు దోమల మాట ఎత్తలేదు. బావ ఆ పక్కనే నిలబడి ఉన్నాడు, రాయిలా ఆరోగ్యంగా. అతను ఆ తర్వాత చాలా కాలం బతికాడు. అక్క మళ్ళీ ఎన్నడూ అతని పేరు పలకలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు నా పెండ్లి, మా ముందుగదిలోనే. ఊళ్ళో నోరున్న పిల్లనని నాకు పేరు. పేరు చెప్పడం ఒక లెక్కా అని ముందురోజు దాకా అక్కను ఆటపట్టించాను. లేచి నిలబడి, "మీ అందరి ముందట" దాకా చెప్పి ఆగిపోయాను. పేరులో ఏ ప్రమాదమూ లేదని నాకు తెలుసు, నేను బాపు బిడ్డను. అయినా ఆ మౌనంలో నిలబడి, నా తరఫున తమ ఆయుష్షు ఇచ్చేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని గదంతా చూశాను. అవ్వ లేదు. అమ్మ నా ముఖమే చూస్తూ నేల మీద చెయ్యి ఆనించి లేవబోతోంది. ఆమె నోరు తెరిచేలోపే నేను గబగబా పేరు చెప్పేశాను.